బుర్రకథ విన్న చెవికి ‘కాంటలూప్’

షేక్ నాజర్ బుర్రకథ విన్నవాళ్లకి ర్యాప్ అంత పరాయిగా ఉండదు. కథకుడు తంబురా మీటుతూ మాటను పరిగెత్తిస్తుంటే, అటూ ఇటూ వంతలు డక్కీలు వాయిస్తూ ‘తందాన తాన’ అని అందుకుంటారు. లండన్ బృందం అస్‌త్రీ (Us3) చేసిన ర్యాప్ పాట ‘కాంటలూప్’ను బెజవాడ, గుంటూరు శ్రోతలు అక్కణ్ణుంచి మొదలుపెట్టి వింటే తేలిగ్గా పట్టుబడుతుంది.

ఇక్కడ వంత పాడేది పియానో. జాజ్ పియానిస్ట్ హెర్బీ హాన్‌కాక్ 24 ఏళ్ల వయసులో, 1964 జూన్ 17న బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు కంపెనీకి రికార్డు చేసిన ‘కాంటలూప్ ఐలాండ్’లోంచి కోసి, మళ్లీ మళ్లీ తిప్పిన ముక్క అది. ఆ మూలం మొత్తం మూడే కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) మీద నడుస్తుంది: ఎఫ్ మైనర్, డీ ఫ్లాట్, డీ మైనర్, మళ్లీ ఎఫ్ మైనర్, ఒక్కోటి నాలుగు బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత). ఆది తాళం వేసుకుంటూ వినండి, రెండేసి ఆవర్తనాలకి కార్డ్ మారుతుంది. పియానో మాట చిన్నది, కొన్ని దెబ్బలు తాళం మీద కాక మధ్యలో పడతాయి. అందుకే ఎన్నిసార్లు తిప్పినా విసుగు రాదు, పైన ర్యాపర్ రషాన్ కెల్లీ మాటలకు చోటూ మిగులుతుంది. పాట మొదట్లో వినిపించే వ్యాఖ్యాత గొంతు ఇంకా పాతది, 1954లో న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ కచేరీకి పీవీ మార్కెట్ (Pee Wee Marquette) అనే ఆయన చెప్పిన పరిచయం.

అస్‌త్రీని నడిపిన జెఫ్ విల్కిన్సన్, మెల్ సింప్సన్ అంతకుముందు ఒక పాటలో బ్లూ నోట్ రికార్డు ముక్కను అనుమతి లేకుండా వాడారు. కంపెనీ పిలిపించింది. కోర్టుకి ఈడ్చే బదులు తన పాత రికార్డుల గది తలుపులే తెరిచింది! బ్రిటన్‌లో ఈ సింగిల్ 23వ స్థానం దాటలేదు. అమెరికాలో మాత్రం 1994లో బిల్‌బోర్డ్ పత్రిక పాటల పట్టిక హాట్ 100లో 9కి ఎక్కింది. 1939లో మొదలైన బ్లూ నోట్‌కి అమెరికాలో తొలి ప్లాటినం (పది లక్షల కాపీల) ఆల్బమ్ ఈ పాట ఉన్న ‘హ్యాండ్ ఆన్ ద టార్చ్’.

లోపం డ్రమ్స్‌లో ఉంది. మూలంలో డ్రమ్మర్ టోనీ విలియమ్స్ తాళం చెడకుండానే తాళాన్ని కదిలిస్తాడు, సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) మీద బరువు ప్రతిసారీ మారుతుంది. ఇక్కడ మెషీన్ దరువు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. ఆ బిగుతును విప్పేది జెరార్డ్ ప్రెజెన్సర్ ట్రంపెట్. అది పాత రికార్డులోంచి కోసింది కాదు, ఈ పాట కోసమే వాయించింది. పాటలో ప్రాణం ఉన్నచోటు అదే.

ఫోను స్పీకర్‌లో మాత్రం వినకండి. మూలంలోని రాన్ కార్టర్ బాస్ వాద్యంలో కింది స్వరాలు దానికి అందవు, పియానో గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. బీసెంట్ రోడ్డులో దొరికే మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు. హోమ్ థియేటర్ అయితే బాస్ బూస్ట్ తీసెయ్యండి. అది ఉంటే కిక్ డ్రమ్ దెబ్బ ఉబ్బిపోయి, బాస్ తీగ మీద వేలు పడే చప్పుడును మింగేస్తుంది. ముందు హాన్‌కాక్ మూలం, వెంటనే ఇది. మూలంలో ఫ్రెడ్డీ హబ్బర్డ్ వాయించిన కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) చెవిలో ఉండగానే ప్రెజెన్సర్ ట్రంపెట్ వింటే, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా తేడా తెలుస్తుంది.