జిమ్మా, నడకా, ఇంటి వ్యాయామమా: బరువు తగ్గడానికి ఏది మేలు?

బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నవాళ్లలో చాలామంది మొట్టమొదట చేసే పని జిమ్‌కు డబ్బు కట్టడం. రసీదు చేతికి రాగానే సగం బరువు దిగిపోయినంత నిశ్చింతగా ఉంటుంది. ఏడాదికి ఒకేసారి కడితే రాయితీ ఇస్తామని కౌంటరులో కూర్చున్నవారు చెబుతారు, ఆ ఊపులో ఏడాదికీ కట్టేస్తాం. అసలు ఆ ఖర్చు అవసరమా? కిలోలు తగ్గడమొక్కటే లక్ష్యమైతే అవసరం లేదన్నది నా అభిప్రాయం. తగ్గిన కిలోల్లో కొవ్వు ఎంత పోయింది, కండ ఎంత పోయింది అని అడిగేవారికి మాత్రం జిమ్ పనికొస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలగాపులగం చేయడం వల్లే జిమ్‌ను కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు దండగ అని తీసిపారేస్తారు.

ముందు లెక్క చూద్దాం. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల (మామూలుగా మనం కేలరీలనేవి ఇవే) శక్తి నిల్వ ఉంటుంది. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే దాదాపు 120 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులోనూ 35 దాకా కుర్చీలో కదలకుండా కూర్చున్నా ఖర్చయ్యేవే. అదే మనిషి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో అరగంట పరుగెత్తితే 290 దాకా పోతాయి. బరువులెత్తే వ్యాయామంలో, తీవ్రతను బట్టి, అరగంటకు 120 నుంచి 200. చెమటలు కక్కుతూ ఇనుము ఎత్తితే నడక కంటే ఎన్నో రెట్లు కొవ్వు కరుగుతుందనుకునేవారికి ఈ అంకెలు మింగుడుపడవు. ఇక అర లీటరు తీపి శీతల పానీయంలో దాదాపు 200 కిలోకేలరీలు ఉంటాయి. దాన్ని తాగడానికి రెండు నిమిషాలు చాలు.

తినేదానికంటే ఖర్చు ఎక్కువుండేలా చూసి రోజుకు 500 కిలోకేలరీల లోటు తెస్తే కాగితం మీద వారానికి అరకిలో కంటే కాస్త తక్కువ తగ్గాలి. శరీరం తేలికయ్యేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ఆచరణలో ఆ వేగం మందగిస్తుంది. ఆ 500నీ నడకతోనే రాబట్టాలంటే రోజుకు రెండు గంటలకు పైగా నడవాలి. పళ్లెంలోనూ గ్లాసులోనూ కోత పెడితే అదే లోటు గడియారంతో పని లేకుండా వస్తుంది. జిమ్మా నడకా అన్న పోటీ మొదలయ్యేలోపే, తిండి దగ్గరే సగానికి పైగా తేలిపోతుంది.

దీనికి తోడు శరీరం చేసుకునే సర్దుబాటు ఒకటుంది. మానవశాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలో వేట మీద, అడవిలో సేకరించే ఆహారం మీద బతికే హడ్జా ప్రజల శక్తి వ్యయాన్ని కొలిచి 2012లో ఫలితాలు ప్రచురించింది. రోజూ మైళ్లకు మైళ్లు నడిచే, దుంపలు తవ్వే ఆ మనుషుల మొత్తం రోజువారీ ఖర్చు, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, పాశ్చాత్య దేశాలవారి ఖర్చుతో దాదాపు సమానంగా తేలింది. ఎందుకన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. మన కళ్లకు కనిపించే భాగం మాత్రం ఇది: పొద్దున్న గంటసేపు ఒళ్లు వంచినవాడు మధ్యాహ్నమంతా సోఫాకు అతుక్కుపోతాడు, రాత్రి "ఇవాళ కష్టపడ్డాను కదా" అంటూ మరోసారి వడ్డించుకుంటాడు.

యంత్రాలు ఈ భ్రమను పెంచి పోషిస్తాయి. ట్రెడ్‌మిల్ ఎక్కిన మనిషిని కాసేపు గమనించండి. ఏటవాలు పెంచుతాడు, వేగం పెంచుతాడు, ఊపిరి అందక ముందున్న పిడిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలతాడు. ఒంటి బరువులో కొంత చేతుల మీదికి పోతుంది, కాళ్లకు పని తగ్గిపోతుంది. తెర మీది అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు ఎక్కుతూనే ఉంటుంది. మణికట్టుకు కట్టుకునే పరికరాలనూ కేలరీల విషయంలో నమ్మడం కష్టం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటివి ఏడింటిని పరీక్షించి 2017లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, గుండె వేగాన్ని అవి చాలావరకు బాగానే చెప్పాయి. ఖర్చైన శక్తిని చెప్పడంలో మాత్రం అన్నిటికంటే మెరుగైనది 27 శాతం, అన్నిటికంటే అధ్వాన్నమైనది 93 శాతం తప్పాయి. ఆ అంకెను చూసుకుని తిండికి దిగితే, కష్టపడి తెచ్చిన లోటు అక్కడే పూడిపోతుంది.

మరి వ్యాయామాల్లో ఏది మేలు? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అధిక బరువున్నవారిని మూడు బృందాలుగా చేసి, ఒకరి చేత నడక, పరుగు తరహా వ్యాయామం, ఇంకొకరి చేత బరువులెత్తే వ్యాయామం, మూడో బృందం చేత రెండూ ఎనిమిది నెలల పాటు చేయించారు. ఫలితాలు 2012లో వచ్చాయి. కొవ్వు తగ్గించడంలో మొదటి బృందం బరువులెత్తినవారిని మించిపోయింది. బరువులే ఎత్తినవారికి కండ పెరిగింది గానీ తూకం తగ్గలేదు. రెండూ చేసినవారికి కొవ్వు తగ్గింది, కండా పెరిగింది, అయితే వ్యాయామానికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది. ఇందులో జిమ్ తలుపు దాటితేనే జరిగే పని ఏదీ లేదు. గుండె వేగం పెరిగేలా కదలడమే మొదటి బృందం చేసింది, అది వీధిలోనూ సాధ్యమే.

అందుకే నడకను నేను తేలిగ్గా తీసుకోను. దానికి పరికరం అక్కర్లేదు, నేర్చుకోవాల్సిందీ లేదు, గాయాలు తక్కువ, మర్నాడు ఒళ్లు నొప్పులని మానేసే సాకు దొరకదు. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో పేరు నమోదు కావాలంటే కనీసం 13.6 కిలోలు తగ్గి, ఆ తగ్గుదలను ఏడాదైనా నిలుపుకుని ఉండాలి. అందులోనివారు ఎక్కువగా చెప్పుకునే వ్యాయామం నడకే, రోజుకు సగటున గంట దాకా. వారంతా తమంతట తాము చేరినవారు కాబట్టి దీన్ని రుజువుగా చూపలేం, కానీ తగ్గిన బరువు మళ్లీ ఎక్కకుండా కాచుకోవడంలో నడక పాత్ర దీనితో కొంత అర్థమవుతుంది. ఒక్కటే షరతు: నడక కాస్త చురుకుగా ఉండాలి. పక్కవారితో మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే సరైన వేగమన్నమాట.

నడక చేయలేని పనీ ఉంది. తిండి తగ్గించి బరువు దిగేటప్పుడు పోయేదంతా కొవ్వే కాదు, దాదాపు నాలుగో వంతు కండ తదితర కణజాలం కావచ్చు. దాన్ని ఆపడానికి కండరాలకు బరువు మోసే పని పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం విడిగా చెప్పారు. ఇక్కడ ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరిగిపోతుందని ట్రైనర్లు ఊరిస్తారు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది 13 కిలోకేలరీల దాకా, కిలో కొవ్వు 4.5. ఎంతో కష్టపడి రెండు కిలోల కండ పెంచినా రోజుకు దక్కేది 26. కండ కావలసింది మెట్లెక్కడానికి, సంచులు మోయడానికి, డెబ్బై ఏళ్ల వయసులో నేల మీది నుంచి ఎవరి సాయమూ లేకుండా లేవడానికి.

ఈ పనికి ఇల్లు సరిపోతుందా? మొదట్లో బ్రహ్మాండంగా సరిపోతుంది. పుషప్ రానివారు గోడకు చేతులు ఆనించి మొదలుపెడతారు, తర్వాత బల్ల అంచు, ఆ తర్వాత నేల. కొత్తవారికి ఈ మూడు మెట్లే నెలల తరబడి పని కల్పిస్తాయి. కాళ్లకు స్క్వాట్లు. అవి తేలికైనప్పుడు భుజాన సంచి వేసుకుని అందులో నీళ్ల సీసాలు పెట్టుకోవచ్చు, లీటరుకు కిలో చొప్పున లెక్క చక్కగా తేలుతుంది. చిక్కంతా వీపు దగ్గర వస్తుంది. నేల మీద చేసే వ్యాయామాలు చాలావరకు నెట్టేవే. లాగే పనికి వేలాడటానికి కడ్డీ గానీ, గట్టిగా బిగించిన రబ్బరు పట్టీ గానీ కావాలి. రెండూ లేని ఇంట్లో ఛాతీ, భుజాలు బలపడి వీపు వెనకబడుతుంది. రెండో చిక్కు, బరువును కొంచెం కొంచెంగా పెంచడం. జిమ్‌లో కడ్డీకి చిన్న ఇనుప బిళ్ల తగిలిస్తే చాలు, ఇంట్లో సంచి కుట్లు ఊడేదాకా వస్తుంది. జిమ్ వల్ల నిజమైన లాభం ఇదే. వరుసగా పేర్చిన ఆ ట్రెడ్‌మిల్‌లు వీధిలో దొరికే పనినే గదిలో చేయిస్తాయి.

హాజరు సంగతి మాట్లాడకుండా జిమ్ గురించి మాట్లాడటం వృథా. అమెరికాలో మూడు వ్యాయామశాలలకు చెందిన 7,752 మంది సభ్యుల హాజరు వివరాలతో స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు సగటున వెళ్లింది నెలకు 4.3 సార్లు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. అక్కడే పది సార్లకు పాస్ తీసుకుంటే ఒక్కో రాకకు 10 డాలర్లే. వెళ్లడం మానేశాక సభ్యత్వం రద్దు చేసుకోవడానికీ సగటున రెండు నెలలకు పైగా పట్టింది. మన భాషలో దీన్నే ఆరంభ శూరత్వం అంటాం. రేపటి మన మీద మనకున్న నమ్మకాన్ని ఇవాళే సొమ్ము చేసుకునే వ్యాపారం అది, అందులో మోసం కూడా ఏమీ లేదు.

ఇంత చెప్పినా, కొందరికి జిమ్‌నే మొదటి ఎంపికగా చెబుతాను. మోకాళ్లు నొప్పులు పెట్టేవారికి వీధి నడక కంటే ఒకేచోట నిలిపి తొక్కే వ్యాయామ సైకిలు, ఈత కొలను ఉన్నచోటు నయం. నడవడానికి సురక్షితమైన దారి లేనివారికి, చీకటి పడ్డాక బయటికి వెళ్లడానికి జంకే స్త్రీలకు, ఇంట్లో పది నిమిషాలు ఏకాంతం దొరకని తల్లులకు జిమ్ అంటే నాలుగు గోడలు, ఒక తలుపు. దాని విలువ కేలరీల్లో కొలవలేం. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవారికీ, వయసు పైబడినవారికీ కండ పోకుండా చూసుకోవడం మరీ ముఖ్యం కాబట్టి, పద్ధతి తెలిసిన ట్రైనర్ దగ్గర కొన్నాళ్లు నేర్చుకోవడం మంచిది. ఛాతీలో నొప్పి, నడిస్తే ఆయాసం ఉన్నవారు, ఇన్సులిన్ వాడేవారు ఏ దారి పట్టేముందైనా వైద్యుణ్ని కలవాలి. పొట్ట దగ్గరే కొవ్వు కరిగించే బెల్టులు, చెమట పట్టించే సూట్లు అమ్మజూపే చోటైతే వెనక్కి తిరగండి. చెమటలో పోయేది నీరే, అది గ్లాసు నీళ్లతో తిరిగి వస్తుంది.

మిగతావారికి నా సలహా: మొదటి మూడు నెలలు తిండి సర్దుబాటు, చురుకైన నడక, వారానికి రెండు రోజులు ఇంట్లో కండరాల వ్యాయామం. మీకు ఏది కుదరడం లేదో ఆ మూడు నెలల్లో తెలిసిపోతుంది. తిండి అదుపులోకి రాకపోతే జిమ్ దాన్ని దిద్దలేదు. నడక సాగుతూ, సంచిలో సీసాలు చాలక, వీపుకు పని దొరక్కపోతే అప్పుడు జిమ్ వైపు చూడండి. ఉద్యోగానికి వెళ్లొచ్చే దారిలో ఉన్నదాన్నే ఎంచుకోండి. చేరకముందు ఒక్కరోజు పాస్ అడిగి, మీరు రోజూ వెళ్లదలచిన వేళకే వెళ్లి చూడండి. మధ్యాహ్నం ఖాళీగా కనిపించే చోట సాయంత్రం ఒక్కో డంబెల్ కోసం నిలబడాల్సి రావచ్చు. రద్దు నిబంధనలు కాగితం మీద చదవండి, నెల నెలకే కట్టండి. కొన్ని నెలల హాజరు పట్టీలో వారానికి రెండేసి సార్లు మీ పేరు కనిపించాక, ఏడాది రాయితీ గురించి కౌంటరులో అడగవచ్చు.