ముందు మాస్క్, ఆఖరున గన్: ఆరేళ్ళు ఎయిర్‌సాఫ్ట్ ఆడాక రాస్తున్న సమీక్ష

నేను ఆదివారాలు ఎయిర్‌సాఫ్ట్ ఆడతానని తెలియగానే ఆఫీసులో కుర్రాళ్ళు అడిగే మొదటి మాట, "అన్నా, ఏ గన్ కొనమంటావ్?" గత నెలలో కూడా ఒకతను ఫోన్‌లో నాలుగు గన్‌ల ఫొటోలు చూపించి అదే అడిగాడు. మాస్క్ ఏది కొంటున్నావంటే, దాని గురించి ఇంకా చూడలేదన్నాడు. 2019లో నేనూ సరిగ్గా అలాగే మొదలుపెట్టాను. అమెరికాలోని డల్లస్ చుట్టుపక్కల ఫీల్డుల్లో నెలకి రెండుసార్ల చొప్పున ఆరేళ్ళు ఆడాను. కొన్న సామానులో సగం గరాజ్‌లో మూలన పడింది. మిగతా సగం అరిగేదాకా వాడాను. ఏది ఎందుకు మూలన పడిందో, ఏది ఎందుకు అరిగిందో చెబితే కొత్తవాళ్ళకి కొంత డబ్బు మిగులుతుంది, అంతకంటే ముఖ్యంగా కళ్ళూ పళ్ళూ భద్రంగా ఉంటాయి.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అసలు తుపాకీలా కనిపించే రెప్లికాలోంచి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు వస్తాయి. వాటినే బీబీలంటాం. పెయింట్‌బాల్‌లో లాగా బట్టల మీద రంగు పడదు కాబట్టి, తగిలితే తగిలిందని మనమే చెయ్యెత్తి ఒప్పుకుని బయటికి రావాలి. ఆట మొత్తం ఆ నిజాయితీ మీదే నడుస్తుంది. 1970లలో జపాన్‌లో పుట్టింది. 1991లో టోక్యో మరుయి కంపెనీ బ్యాటరీతో నడిచే రైఫిల్ తెచ్చాక ప్రపంచమంతా పాకింది.

ముందు మాస్క్ సంగతి. నా మొదటి రోజున 30 డాలర్ల గాగుల్స్ పెట్టుకుని వెళ్ళాను. జూన్ నెల, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండ. ఆట మొదలైన పది నిమిషాలకి అద్దం లోపల ఆవిరి పట్టడం మొదలైంది. ముందు అంచుల దగ్గర తెల్లగా వచ్చి, నెమ్మదిగా మధ్యలోకి పాకింది. ఎదురుగా ఉన్న చెట్టు ఆకుపచ్చ మరకలా మారిపోయింది. ఎవరు ఎటు పరిగెడుతున్నారో తెలియట్లేదు, నలువైపుల నుంచీ బీబీల చప్పుడు వినిపిస్తోంది. నాకు తెలియకుండానే బొటనవేలు గాగుల్స్ కింద దూరింది. కాస్త పైకెత్తి గాలి తగలనిద్దాం అనిపించింది. అంతలో రిఫరీ వెనక నుంచి గట్టిగా అరిచి నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. అలాగే భుజం పట్టుకుని, ఎవరూ కాల్చకూడని సేఫ్ జోన్ దాకా నడిపించుకెళ్ళాడు. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆరేళ్ళలో నాకు ఎవరైనా చేసిన అతి పెద్ద మేలు అదే.

ఫీల్డులో కళ్ళకి దెబ్బ తగిలే ప్రమాదం ఇలాంటప్పుడే. గాగుల్స్ పగలకపోయినా, ఆవిరి భరించలేక మనిషే వాటిని పైకెత్తి ప్రమాదం తెచ్చుకోవచ్చు. అందుకే మాస్క్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఆవిరి పడుతుందా లేదా అని. రెండు పొరల అద్దం, మధ్యలో సన్నటి గాలి ఖాళీ ఉన్న థర్మల్ లెన్స్ తీసుకోండి. లోపలి పొర మన ముఖం వేడికి వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఆవిరి అంత తొందరగా పట్టదు. పెయింట్‌బాల్ కోసం చేసిన ఫుల్ ఫేస్ మాస్కుల్లో ఇవి దొరుకుతాయి. నాది 2020లో కొన్నది. లెన్స్ రెండుసార్లు మార్చాను, ఫ్రేమ్ ఇంకా గట్టిగానే ఉంది. వంద డాలర్లు దాటుతుంది. ఉన్న డబ్బంతా దానికే అయిపోతే ఆ నెల గన్ కొనడం మానేయండి.

ఇంకో విషయం, లెన్స్ మీద జెడ్87 ప్లస్ (Z87+) అన్న ముద్ర ఉందో లేదో వెతకండి. వేగంగా వచ్చే పావు అంగుళం ఉక్కు గుండుని తట్టుకుంటేనే ఆ ముద్ర వేస్తారు. ఆ ముద్ర లేనిది ఎంత అందంగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. ఇంట్లో కిటికీలు తుడిచే అమ్మోనియా ద్రావణంతో లెన్స్ తుడవకండి, లెన్స్‌లోని పాలికార్బొనేట్ ప్లాస్టిక్ దెబ్బతింటుంది. తడి మెత్తటి గుడ్డ చాలు. ఇనుప జాలీ గాగుల్స్‌కి ఆవిరి పట్టదని చాలామంది సలహా ఇస్తారు. నిజమే, పట్టదు. కానీ దగ్గర నుంచి జాలీకి కొట్టుకున్న బీబీ పగిలితే ఆ ముక్కలు లోపలికి వస్తాయి. నేను జాలీని నోటి దగ్గరే వాడతాను, కళ్ళ దగ్గర ఎప్పుడూ వాడను. కళ్ళజోడు ఉన్నవాళ్ళు జోడుతో సహా పెట్టి చూసుకుని కొనండి.

నోరు కూడా కప్పుకోవాలని ఎందుకు అంటున్నానంటే, మాతో ఆడే స్నేహితుడికి ముందు పన్ను సగానికి విరిగింది. కళ్ళకి మంచి గాగుల్సే పెట్టుకున్నాడు, కింద ఏమీ లేదు. అతనూ ఎదుటి జట్టువాడూ గది గుమ్మంలో ఎదురెదురు పడ్డారు. దెబ్బ తగిలాక అతను పెదవి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు, తర్వాత అరచేయి విప్పి అందులో ఉన్న చిన్న తెల్లటి ముక్క చూశాడు. డెంటిస్టుకి పెట్టిన ఖర్చుతో మా ఇద్దరికీ రెండేసి గన్‌లు వచ్చేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం ఏముంది.

ఇప్పుడు గన్. మొదటి రెండు మూడు ఆదివారాలు ఫీల్డులో అద్దెకి తీసుకోండి. బరువు ఎంతవరకు మోయగలరో, పొడుగు గన్ తలుపుల్లో ఎలా అడ్డం పడుతుందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. తర్వాత కొనాలనిపిస్తే బ్యాటరీతో నడిచే ఎం4 (అమెరికా సైన్యం వాడిన రైఫిల్) తరహా గన్ తీసుకోండి. అది అందంగా ఉంటుందని చెప్పట్లేదు. ఫీల్డులో సగం మంది దగ్గర అదే ఉంటుంది కాబట్టి మ్యాగజైన్ (బీబీలు నింపి గన్‌కి తగిలించే డబ్బా) అయిపోతే పక్కవాడి దగ్గర దొరుకుతుంది, చెడిపోతే బాగుచేయడం తెలిసినవాళ్ళు దొరుకుతారు. నేను మొదట కొన్నది జీ అండ్ జీ కంపెనీ కంబాట్ మెషీన్, 200 డాలర్ల లోపే. ఈ రోజుకీ ఆడుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను చేతికిచ్చేది దాన్నే.

గ్యాస్‌తో నడిచే వాటి మీద మోజు కలగడం సహజం. కాల్చినప్పుడల్లా లోపలి బోల్ట్ వెనక్కి కొట్టుకుంటుంటే ఆ అనుభూతి వేరు. కానీ గ్యాస్‌కి చలి పడదు. జనవరిలో పొద్దున ఎనిమిదింటికి మ్యాగజైన్ చేతిలో మంచుముక్కలా ఉంటుంది, పది బీబీలు కాల్చేసరికి ఒత్తిడి పడిపోతుంది. మొదటి ఏడాది వద్దు.

గన్ వేగాన్ని సెకనుకి ఎన్ని అడుగులన్న లెక్కలో కొలుస్తారు, 0.20 గ్రాముల బీబీతో. 350 అంటే సుమారు 1.14 జౌల్‌ల శక్తి. చాలా ఇండోర్ ఫీల్డుల్లో అదే హద్దు, బయటి ఫీల్డుల్లో కొంచెం ఎక్కువ ఒప్పుకుంటారు. వేగం పెరిగితే దూరం పెరుగుతుందని నమ్మి, రెండో ఏడు నేను గన్ లోపల పిస్టన్‌ని నెట్టే స్ప్రింగ్ తీసేసి ఇంకా గట్టిది వేయించాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. ఫీల్డు గేటు దగ్గర కొలిచినప్పుడు హద్దు దాటిందని లోపలికి రానివ్వలేదు. హద్దు ఎక్కువున్న ఇంకో చోటికి తీసుకెళ్తే, నాలుగో ఆటకి గేర్‌బాక్స్‌లోంచి కరకరమని చప్పుడొచ్చింది. విప్పి చూస్తే పిస్టన్ పళ్ళు మొత్తం అరిగిపోయి, గ్రీజులో తెల్లటి పొడి కలిసి ఉంది. పాత స్ప్రింగే మళ్ళీ పెట్టించాను.

నిజానికి దూరం, గురి రెండూ ఎక్కువగా ఆధారపడేది హాప్ అప్ మీద, బీబీ మీద. హాప్ అప్ అంటే గొట్టం మొదట్లో పైనుంచి వంగి ఉండే చిన్న రబ్బరు. బీబీ దాన్ని రాసుకుంటూ వెళ్ళేటప్పుడు వెనకవైపుకి గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని కాసేపు పైకి మోస్తుంది. ఎం4 తరహాలో గన్ వెనక పైభాగాన ఉండే పిడి, అంటే ఛార్జింగ్ హ్యాండిల్, వెనక్కి లాగితే పక్కన కిటికీ తెరుచుకుని చిన్న చక్రం కనిపిస్తుంది. ముందు దాన్ని పూర్తిగా సున్నాకి తిప్పి, ఛాతీ ఎత్తులో ఒక్కొక్కటే కాల్చండి. బీబీ ఊరికే నేలకి పడిపోతుంది. ఇక్కడి నుంచి చక్రాన్ని ఒక్కో గుర్తు చొప్పున తిప్పుతూ కాల్చండి. ఒక దగ్గర బీబీ గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, చివర్లో మాత్రమే నెమ్మదిగా కిందికి వాలుతుంది. అక్కడ ఆపేయాలి. ఇంకా తిప్పితే మధ్యదారిలో పైకి లేచి ఆకాశంలోకి పోతుంది. సాయంత్రపు ఎండలో తెల్లటి బీబీ ఎగురుతూ వెళ్ళి చుక్కలా మాయమవడం చూస్తే ఈ ఐదు నిమిషాల విద్య ఎందుకు నేర్చుకోవాలో అర్థమవుతుంది. నా పాత 200 డాలర్ల గన్ ఇలా సరిచేశాక 45 మీటర్ల దూరంలో మనిషికి తప్పకుండా తగులుతోంది. స్ప్రింగ్ మార్చినప్పుడు ఇంత తేడా రాలేదు.

బీబీలు 0.20 గ్రాములవి గన్ కొలవడానికి పెట్టుకోండి. ఆడటానికి 0.25 లేదా 0.28 వాడండి, గాలికి తక్కువ కొట్టుకుపోతాయి. 0.25వి కిలో కొంటే నాలుగు వేలు వస్తాయి. గట్టిగా ఆడినా మూడు నాలుగు ఆదివారాలకి సరిపోతుంది. నేలలో కలిసిపోయే బయో బీబీలే వాడాలని చాలా ఫీల్డుల నిబంధన, నాకూ అదే ఇష్టం. వాటిని గరాజ్‌లో తెరిచి ఉంచకండి. నేను ఒక ఎండాకాలమంతా అలా వదిలేసిన సంచిలోని బీబీలు తేమకి ఉబ్బి గొట్టంలో ఇరుక్కున్నాయి. పారేయాల్సి వచ్చింది.

గన్‌ని నడిపే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీల దగ్గర మాత్రం అశ్రద్ధ అస్సలు పనికిరాదు. మార్పులేమీ చేయని గన్‌కి 7.4 వోల్టులది చాలు. ఒక్కో సెల్ 3 వోల్టుల కంటే కిందికి దిగకూడదు, వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ కొనండి, ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి, ఎండలో కారు డిక్కీలో వదలకండి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడి చూద్దాం అనుకోవద్దు.

మ్యాగజైన్లలో మూడు వందలు పట్టే హై క్యాప్‌కి కింద చక్రం తిప్పుతూ ఉండాలి, నడుస్తుంటే గలగలమంటుంది. పొదలో దాక్కున్నవాడి ఆచూకీ అదే చెప్పేస్తుంది. వందా నూటయాభై పట్టే మిడ్ క్యాప్‌లు నాలుగైదు కొంటే నిశ్శబ్దంగా ఆడొచ్చు.

ఒంటి మీద వేసుకునేవాటిలో చీలమండ కప్పే బూట్లకి నేను పెద్ద పీట వేస్తాను. ఎండిన వాగులో రాయి మీద కాలు మడతపడి ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాక కొన్నాను, ముందే కొనాల్సింది. మోకాలి ప్యాడ్లు కూడా అంతే. టెక్సస్ నేల మీద మోకరిల్లితే ముళ్ళు, గాజుపెంకులు, అన్నిటికన్నా ఘోరంగా ఫైర్ యాంట్స్ అనే కుట్టే ఎర్రచీమలు ఉంటాయి. పడుకుని గురి చూసే ముందు నేల మీద వాటి పుట్ట, అంటే మెత్తటి మట్టి దిబ్బ, ఉందేమో చూసుకోవడం నాకు అలవాటైపోయింది. పొడుగు చేతుల చొక్కా, చేతి వేళ్ళకి గ్లోవ్స్ తప్పనిసరి. వేలి కణుపు మీద బీబీ తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. బరువైన ప్లేట్ క్యారియర్ (సైనికుల కవచం లాంటి జాకెట్) మాత్రం ఎంతో ఇష్టపడి కొని మూడు ఆటల్లో వదిలేశాను. ఎండలో దాని కింద చొక్కా పిండితే నీళ్ళు కారేవి. గట్టి బెల్టు, మూడు పౌచ్‌లు, నీళ్ళ సంచి, ఇంతే ఇప్పుడు నా వేషం. యూనిఫాం రంగు గురించి ఎక్కువ ఆలోచించకండి. పిస్టల్ రెండో ఏడు చూసుకోవచ్చు. స్నైపర్ రైఫిల్ అయితే అంతకన్నా ఆలస్యం.

చివరి విషయం రాసేటప్పుడు నాకు గుండె కాస్త బరువెక్కుతుంది. ఈ వస్తువులు నిజమైన తుపాకుల్లాగే ఉంటాయి. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఉన్న పన్నెండేళ్ళ పిల్లవాడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. దాని గొట్టం చివర ఉండాల్సిన నారింజ రంగు ముక్క లేదు. అమెరికాలో అమ్మే రెప్లికాకి ఆ ముక్క ఉండాలని ఫెడరల్ నిబంధన ఉంది. అందం పోతుందని దాన్ని తీసేయకండి. అది ఉన్నా కూడా ఎవరైనా దూరం నుంచి రంగు చూసి ఆగుతారని నమ్మకండి. నేను ఇంట్లోనే మ్యాగజైన్ తీసి, బ్యాటరీ విప్పి, గొట్టానికి గుడ్డ తొడుగు కట్టి, జిప్పున్న సంచిలో పెట్టి డిక్కీలో పడేస్తాను. ఫీల్డు గేటు లోపలికి వెళ్ళాకే ఆ జిప్పు తీస్తాను. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, పెరట్లో ఎప్పుడూ చేతిలోకి తీసుకోను. మన పిల్లలకి కొనిపెట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క పేరా మాత్రం వాళ్ళతో కలిసి చదవండి.

మా అక్క కొడుకు గుంటూరు నుంచి అడుగుతూనే ఉంటాడు, "మామయ్యా, ఈసారి వచ్చేటప్పుడు ఒకటి తీసుకురా" అని. తేను. విమానంలో చేతి సంచిలో అసలు కుదరదు, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టి తెచ్చినా హైదరాబాద్ కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఇది ఆటవస్తువని నిలబడి నిరూపించడం మన తరం కాదు. వాడికి నేను చెప్పింది ఒక్కటే: "నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు రా నాన్నా, ఆదివారం తీసుకెళ్తా. గన్ అద్దెకి దొరుకుతుంది. మాస్క్ మాత్రం నీ ముఖానికి సరిపోయేది నేను కొనిపెడతా."