టూత్‌బ్రష్ తల లోపల ఏముంది: స్టేపుల్ రకం, స్టేపుల్ లేని రకం, వెదురు రకం

దుకాణంలో బ్రష్ కొనేటప్పుడు అట్ట మీద సాఫ్టా మీడియమా అని చూస్తాం, దొరికితే వేలితో ఒకసారి నిమిరి చూస్తాం. ఆ రెండిటివల్లా పోచల మెత్తదనం తెలుస్తుంది గానీ, అవి తలలో ఎలా నాటుకుని ఉన్నాయో తెలియదు. ఉమ్మినప్పుడు సింకులో రెండు పోచలు కనిపించాయంటే లోపం చాలావరకు పోచల్లో ఉండదు, వాటి కింద మూడు మిల్లీమీటర్ల లోతున్న రంధ్రంలో ఉంటుంది. ఊడిన పోచ చిగురుకీ పంటికీ నడుమ దూరితే ఒక్కోసారి వాపు వచ్చేదాకా దాని సంగతే తెలియదు.

అందుకే ఈ సమీక్ష పేర్లవారీగా కాక, కట్టుబడివారీగా సాగుతుంది. ఒకే కంపెనీ రెండు మూడు పద్ధతుల్లో బ్రష్‌లు అమ్ముతుంది, వేరువేరు పేర్లవి ఒకే ఫ్యాక్టరీలో తయారవడమూ మామూలే. ఇక్కడ వాడే మాటలు రెండే: ఒక్కొక్క నూలులాంటిది పోచ, ఒక రంధ్రంలో నాటిన పోచల గుంపు కుచ్చు.

బజారులో ఎక్కువగా దొరికేది స్టేపుల్ రకం. హ్యాండిల్‌ను అచ్చులో పోసేటప్పుడే సన్నటి ఉక్కు పిన్నుల వల్ల తలలో రంధ్రాలు ఏర్పడతాయి. టఫ్టింగ్ మెషిన్ కొన్ని పోచల్ని ఏరుకుని, వాటి నడుమ చదునైన తీగముక్కను (స్టేపుల్ అంటే ఇదే) అడ్డంగా పెట్టి, పోచల్ని సగానికి మడుస్తూ రంధ్రంలోకి దించి కొడుతుంది. కాబట్టి పైకి 42 కొసలు కనిపిస్తే లోపల ఉన్నవి 21 పోచలే. తీగ సాధారణంగా ఇత్తడిది గానీ జర్మన్ సిల్వర్‌ది గానీ అయి ఉంటుంది, మందం పావు మిల్లీమీటరు. రంధ్రం వ్యాసం 1.6 మి.మీ. అనుకుంటే తీగముక్కను 1.9 మి.మీ. దగ్గర కోస్తారు. ఎక్కువైన 0.3 మి.మీ. రెండు పక్కలా గోడల్లోకి కోసుకుంటూ పోయి ఇరుక్కుంటుంది. జిగురు లేదు, కరిగించడం లేదు. కుచ్చును పట్టి ఉంచేవి ఆ రెండు చిన్న కోతలే.

ఇది నాసిరకం పద్ధతి అనుకోవద్దు. కొలతలు సరిగ్గా కుదిరితే ఏ పద్ధతికీ తీసిపోని పట్టు ఇస్తుంది. కానీ ఆ కుదరడమే కష్టం. 1.6 మి.మీ. రంధ్రం వైశాల్యం 2 చదరపు మిల్లీమీటర్లు. అందులో తీగ 0.4 తినేస్తుంది. మిగిలిన 1.6లో గుండ్రటి పోచల మధ్య సందులు పోగా మూడింట రెండు వంతులే నిండుతుంది. 0.18 మి.మీ. పోచ అడ్డుకోత 0.025 చ.మి.మీ., అంటే 42 కొసలకు చోటు. డబ్బు మిగుల్చుకుందామని 34 కొసలతో సరిపెడితే మడత దగ్గర పోచలు ఒకదాన్నొకటి నొక్కుకోవు, తీగ ఎంత గట్టిగా ఉన్నా అవి దాని కింద నుంచి జారతాయి. 50 కూరితే తీగ ఒక పక్కకు ఒరుగుతుంది, లేదా రంధ్రం గోడ ఉబ్బుతుంది. కుచ్చు మొదట్లో పోచలు వదులుగా కదులుతుంటే మొదటి తప్పు, తల వెనక గుబ్బల్లా తగులుతుంటే రెండో తప్పు జరిగిందని అనుమానించవచ్చు.

కొత్త బ్రష్‌లో మొదటి రెండు మూడు రోజులు ఊడేవాటి కథ వేరు. మెషిన్ పోచల్ని ఏరేటప్పుడు ఒకటో రెండో పక్కకు తప్పుకుని, తీగ కిందకు సగానికి రాకుండా ఒక కాలు పొడుగ్గా, ఒక కాలు పొట్టిగా మడత పడతాయి. తర్వాత అన్నిటినీ ఒకే ఎత్తుకు కత్తిరిస్తారు గనక పొడుగు కాలు మిగతావాటిలో కలిసిపోతుంది, పొట్టి కాలు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ పోచకు పట్టు దాదాపు ఉండదు. ఇలాంటివి నాలుగైదు ఊడి ఆగిపోతే కంగారు అక్కర్లేదు. వారం దాటినా రోజుకొకటి ఊడుతుంటే అది తీగ లోతు తప్పడం. తీగను కొట్టే లోతు చాలకపోతే మడత మీద ఒత్తిడి పడదు. ఎక్కువైతే రంధ్రం అడుగు తగిలి పోచలే నలిగి తెగుతాయి. రెండు తప్పులకీ బయట కనిపించే ఫలితం ఒకటే, ఊడిన పోచను చూస్తే తేడా తెలుస్తుంది: యు ఆకారంలో నిండుగా వస్తే పట్టు చాలలేదని, ఒంటి కాలుగా కొస నలిగి వస్తే లోపల తెగిందని.

హ్యాండిల్ ప్లాస్టిక్ గురించి కొనేవాళ్ళు అసలు ఆలోచించరు. పాలీప్రొపిలీన్ కాస్త సాగే గుణం ఉన్నది, తీగ కోసినా పగలదు. గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ హ్యాండిళ్ళు అందంగా ఉంటాయి, కానీ తీగ దిగిన చోట సన్నటి చీలిక మొదలై పక్క రంధ్రం దాకా పాకే ప్రమాదం వాటిలో ఎక్కువ. అందుకే తీగల్ని తల పొడవుకు సమానంగా ఒకే వరసలో కాకుండా కాస్త ఏటవాలుగా దించుతారు, చీలినా చీలిక పక్క రంధ్రంతో కలవకుండా. తెల్లటి గీతలు రంధ్రం నుంచి రంధ్రానికి పోతుంటే ఆ బ్రష్ పక్కన పెట్టేయండి. పాలీప్రొపిలీన్‌కూ ఒక బలహీనత ఉంది: నొక్కుడు కింద మెల్లగా సడలుతుంది. మెషిన్ మీద నుంచి దిగిన వెంటనే కొలిచిన పట్టు మర్నాటికి అంతే ఉండదు. వెంటనే కొలిచి పాస్ చేసే ఫ్యాక్టరీ తనను తానే మోసం చేసుకుంటున్నట్టు.

పట్టు ఎంత ఉండాలన్నదానికి కొలత ఉంది. చేతి బ్రష్‌లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20126 ప్రకారం ఒక కుచ్చును పెరకడానికి కనీసం 15 న్యూటన్ల బలం పట్టాలి, అంటే సుమారు ఒకటిన్నర కిలోల బరువు. ఇంట్లో చూడాలంటే సామాను తూచే కొక్కెం త్రాసు, ముక్కు ప్లయర్ చాలు. ప్లయర్ దవడలకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి, లేకపోతే పోచలు అక్కడే తెగి పరీక్ష పాడవుతుంది. కుచ్చును మొత్తంగా పట్టి, తలకు నిటారుగా, కుదుపు లేకుండా లాగాలి. పక్కకు లాగితే రంధ్రం అంచు కూడా బలం పంచుకుంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. తల కొసన రెండు, అంచుల్లో రెండు, నడుమ రెండు లాగి చూడండి. ఒక్కటి ఒకటిన్నర కిలోలలోపే వచ్చినా మిగతావాటి మీద నమ్మకం పెట్టుకోలేం. పరీక్షించిన బ్రష్ మళ్ళీ పనికిరాదు, కాబట్టి ఇంటిల్లిపాదికీ డజను కొనే ముందు ఒకటి బలి ఇవ్వడం మంచి బేరం.

స్టేపుల్ రకానికి పట్టుతో సంబంధం లేని లోపం ఇంకొకటి ఉంది. తీగకు పైన, పోచల చుట్టూ సన్నటి ఖాళీ మిగులుతుంది. పేస్టు, నీళ్ళు అందులోకి దిగి ఆరవు. కుచ్చు మొదట్లో నల్లగా పేరుకునే మురికి అదే. అక్కడ తుప్పు రంగు మరక కనిపిస్తే ఇత్తడికి బదులు చవక ఇనప తీగ పెట్టారనుకోవచ్చు.

ఇక స్టేపుల్ లేని రకం. ఇందులో రెండు దారులున్నాయి. ఒకదాంట్లో, చిల్లులున్న పలుచటి పలకలోంచి కుచ్చుల్ని దూర్చి, వెనక్కి వచ్చిన కొసల్ని వేడితో కరిగించి గొడుగులా చేస్తారు. తర్వాత పలకను బ్రష్ తల గుంటలో పెట్టి అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో, అంటే చెవికి వినిపించనంత వేగమైన కంపనాలతో అంచును కరిగించి, అతుకుతారు. రెండోదాంట్లో, కొసలు కరిగించిన కుచ్చుల్ని నేరుగా అచ్చులో నిలిపి వాటి చుట్టూ ప్లాస్టిక్ పోస్తారు. పందుంపుల్లను నమిలితే వచ్చే పీచు పుల్లలో భాగమే గనక దానికి పట్టు బాధే లేదు. ప్లాస్టిక్‌లో దానికి కాస్త దగ్గరగా వచ్చేది ఈ రెండో పద్ధతే. ఈ మెషిన్లు తయారుచేసేవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లోని టోట్నావులో పుట్టిన జహోరాన్‌స్కీ, బెల్జియంలో ఇజెగెమ్‌కు చెందిన బూషెరీ వాళ్ళలో ముఖ్యులు.

ఈ రకంతో లాభాలు కంటికే కనిపిస్తాయి. మడత లేదు గనక రంధ్రం గుండ్రంగానే ఉండాలన్న నియమం పోయింది. చంద్రవంక, పొడుగు పట్టీ, పెద్ద దిమ్మ, ఏ ఆకారంలోనైనా కుచ్చు నాటవచ్చు. దుకాణంలో వెల్డింగ్ రకాన్ని గుర్తుపట్టడానికీ అదే గుర్తు, దాంతోపాటు తల ముందువైపు అంచు వెంబడి సన్నటి అతుకు గీత. తీగ దిగే లోతు అవసరం లేదు కాబట్టి తలను పలుచగా చెయ్యవచ్చు. చివరి దవడ పన్ను వెనక్కి వెళ్ళాలన్నా, పిల్లల నోట్లో పట్టాలన్నా ఆ తేడా బాగా తెలుస్తుంది.

సూదిమొన పోచలున్న బ్రష్‌లు ఈ రకంలోనూ దొరుకుతాయి. ఆ పోచలు నైలాన్ కాదు, పీబీటీ అనే పాలిస్టర్. కొసల్ని గాఢమైన క్షారంలో ముంచితే అవి కరిగి సన్నబడతాయి. నైలాన్‌కు ఆ కిటుకు పనిచెయ్యదు. పీబీటీ నీళ్ళు దాదాపు పీల్చుకోదు గనక తడిసినా బిగువు తగ్గదు. సాధారణ నైలాన్ 6 బాగా పీల్చుకుని మెత్తబడుతుంది. మంచి బ్రష్‌లలో వాడే నైలాన్ 6.12 ఈ విషయంలో చాలా నయం. 1938 ఫిబ్రవరి 24న అమెరికాలో డాక్టర్ వెస్ట్స్ మిరకిల్ టఫ్ట్ పేరుతో మొదటి నైలాన్ బ్రష్ అమ్మకానికి వచ్చేదాకా ఈ పని పంది వెంట్రుకలది. అవి తడిస్తే మెత్తబడి, ఆరక, విరిగేవి.

మరి లోపాలో? కరిగించిన నైలాన్‌కూ పాలీప్రొపిలీన్ పలకకూ పొత్తు కుదరదు, రెండూ ఒకదానికొకటి అంటుకోవు. పట్టు మొత్తం గొడుగు ఆకారానిదే. కొన్ని పోచలు వెనక్కి పూర్తిగా రాకుండా కిందే ఆగిపోతే వేడి వాటికి తగలదు, అవి గొడుగులో కలవవు, ఒక్కొక్కటిగా జారిపోతాయి. వెల్డింగ్ చాలకపోతే ఇంకా ఘోరం: స్టేపుల్ రకంలో ఒక కుచ్చు ఊడితే, ఇక్కడ పలకే లేచిపోతుంది. వెల్డింగ్ ఎక్కువైతే ప్లాస్టిక్ పొంగి అంచు చుట్టూ పళ్ళెం అంచులా గరుకు మిగులుతుంది, నాలుకకు వెంటనే తెలుస్తుంది. కొన్నాక బొటనవేలి గోరుతో ఆ గీత వెంట గీరి చూడండి. గోరు దిగకూడదు, పొరలూడకూడదు. ధర రెండు మూడింతలు పెట్టేది ఆ గీత శుభ్రంగా ఉంటేనే.

వెదురు బ్రష్‌ల మీద మా అభిప్రాయం అంత మంచిది కాదు. వెదురుకు రంధ్రాలు అచ్చులో రావు, తొలవాలి. వెదురు పీచు పొడవునా నడుస్తుంది. తీగ ఆ పీచుకు సమానంగా దిగితే మేకులా చీలుస్తుంది, అడ్డంగా దిగితే పీచును కోసి అందులో చిక్కుకుని బాగా పడుతుంది. చౌకరకాల్లో ఈ దిశ మీద శ్రద్ధ ఉండదు. ఆపై రోజుకు రెండుసార్లు తడవడం, ఆరడం. ఉబ్బినప్పుడు బిగుసుకుని, ఆరినప్పుడు సడలుతుంది. మొదటి నెల బాగానే ఉండి రెండో నెలలో పోచలు రాలడం మొదలయ్యేది అందుకే. తల లోపలి వైపు నూనె గానీ మైనం గానీ పట్టించినదైతే కొంత తట్టుకుంటుంది. కొనాలనే ఉంటే కుచ్చుల మధ్య గుండుసూదితో విడదీసి తీగ ఏ దిశలో ఉందో చూసి కొనండి.

పర్యావరణం పేరుతో అమ్మే వెదురు బ్రష్‌లోనూ పోచలు ఎక్కువగా నైలానే, లోపల లోహపు తీగ సరేసరి. మట్టిలో కలిసేది పిడి మాత్రమే. మొక్కల నుంచి చేసిన పోచలు అని రాసి ఉంటే అది ఆముదం నుంచి వచ్చే సెబాసిక్ ఆమ్లంతో చేసిన నైలాన్ 6.10 కావచ్చు. మన మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు పండే ఆముదాలకూ దానికీ ఆ చుట్టరికం నిజమే. పుట్టుక చెట్టుదైనా అది నైలానే, భూమిలో కుళ్ళదు. కాబట్టి పారేసే ముందు ప్లయర్‌తో కుచ్చులన్నీ పెరికి విడిగా వెయ్యాలి.

కొసల గురించి ఒక మాట. కత్తిరించిన పోచ కొస రంపపు అంచులా ఉంటుంది, దాన్ని తిరిగే రాతి చక్రాల మీద రాసి గుండ్రంగా చేస్తారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో కొసలు అగ్గిపుల్ల తలల్లా కనిపించాలి. కోసిన చెరుకు ముక్కల్లా ఉంటే ఎంత సాఫ్ట్ అని రాసినా చిగుళ్ళను గీరుతుంది. సాఫ్ట్ అన్న మాటకు కొలత పోచ వ్యాసం: 0.15 నుంచి 0.18 మి.మీ. దాకా సాఫ్ట్, 0.2 మీడియం. తేడా కొంచెమే అనిపిస్తుంది గానీ, ఒక్క పోచ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 0.15 నుంచి 0.2కు పోతే మూడు రెట్లు దాటుతుంది. లావు పోచలు రంధ్రంలో తక్కువ పడతాయి గనక కుచ్చు మొత్తానికి అంత పెరగదు, ఒకటిన్నర రెట్లు దాటి ఆగుతుంది.

రోజువారీ వాడుకకు పాలీప్రొపిలీన్ పిడి, నైలాన్ 6.12 పోచలు, నిండుగా కూరిన కుచ్చులున్న స్టేపుల్ బ్రష్ పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ ఇస్తుంది. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు, నోరు చిన్నగా ఉన్న పిల్లలకు స్టేపుల్ లేనిది తీసుకోవచ్చు. బ్రష్‌ను కొరికే అలవాటున్న పిల్లలకు మాత్రం వెల్డింగ్ రకం ఇవ్వకండి, పళ్ళ కింద పడేది సరిగ్గా ఆ అతుకు గీతే.