వెనక్కి తిప్పి చదువుకోవడానికి పనికొచ్చే ప్రార్థన డైరీ

ప్రార్థన డైరీలు చాలానే దొరుకుతున్నాయి. ఎక్కువ వాటిలో తేదీలు ముందే అచ్చువేసి ఉంటాయి, సంవత్సరం అయిపోగానే అటకెక్కుతాయి. నేను వాడుతున్న దాంట్లో తేదీలు లేవు. ఎడమ పేజీలో విన్నపం, కుడి పేజీలో జవాబు, రెండింటి పైనా తేదీ వేసుకోవడానికి చిన్న గీత. అందుకే ఇది కొన్నేళ్లుగా నా బైబిల్ పక్కనే ఉంది.

ముందు కాగితం గురించి చెప్పాలి. మందంగా ఉంది, ఇంకు అవతలి వైపుకు దిగదు. కుట్టు బైండింగ్ కాబట్టి ఎక్కడ తెరిచినా పరుచుకుని ఉంటుంది. ఏళ్ల తర్వాత కూడా తీసి చదవాల్సిన పుస్తకానికి ఇవి ముఖ్యం.

అమ్మకు స్ట్రోక్ వచ్చినప్పుడు రాసిన పేజీ ఒకటుంది. ఐసీయూ బయట ఒడిలో పెట్టుకుని రాశాను. అక్షరాలు వంకర పోయాయి, చివరి మాట గీత దాటి కిందికి జారింది: "ప్రభువా, అమ్మకు మాట రావాలి." ఎదురు పేజీలో వేరే పెన్నుతో ఇలా ఉంది: "ఇవాళ అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. స్పష్టంగా లేదు, కానీ నా పేరే."

ఆ తర్వాత మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ రాత్రి టెన్షన్‌తో ప్రార్థన చేద్దామన్నా నోట మాట రాలేదు. డైరీ తీసి ఆ పేజీ చదివాను. ఉద్యోగం సంగతి ఏమవుతుందో అది చెప్పలేదు. కానీ అమ్మ మంచం దగ్గర నాతో ఉన్న దేవుడే ఇప్పుడూ వింటున్నాడని ధైర్యం వచ్చింది, మోకరించగలిగాను. బైబిల్లో ఫిలిష్తీయ యోధుడు గొలియాతు మీదికి వెళ్లే ముందు దావీదు సౌలు రాజుతో మాట్లాడిందీ ఇదే కదా. సింహం నుంచి, ఎలుగుబంటి నుంచి కాపాడిన యెహోవా ఈ ఫిలిష్తీయుడి చేతిలోంచి కూడా విడిపిస్తాడన్నాడు. జరిగిపోయిన మేలు చూపించి జరగబోయేదాన్ని నమ్మాడు.

ఇక నాకు నచ్చనిది. జవాబు పేజీలో మూడు గడులు ఇచ్చారు: అవును, కాదు, వేచి ఉండు. ఏదో ఒకదానికి టిక్ పెట్టాలట. పెదనాన్నకు క్యాన్సర్ నయం కావాలని ఇంటిల్లిపాదీ ప్రార్థించాం. ఆయన వెళ్లిపోయారు. "కాదు" గడిలో టిక్ పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. పెదనాన్న, నాన్న చాలా ఏళ్లుగా మాట్లాడుకోలేదు. ఆఖరి రోజుల్లో నాన్న ఆయన మంచం పక్కన కూర్చుని ఇరవై మూడో కీర్తన చదివి వినిపించారు. ఆ సంగతి గడుల బయట, మార్జిన్‌లో రాసుకున్నాను.

77వ కీర్తన చదివితే ఈ గడులు ఎందుకు సరిపోవో తెలుస్తుంది. ఆ కీర్తన రాసిన ఆసాపు నిద్రపట్టక బాధపడుతూ, దేవుడు దయ చూపడం మానేశాడా అని అడుగుతాడు. తర్వాత పూర్వం యెహోవా చేసిన కార్యాలు జ్ఞాపకం చేసుకోవడం మొదలుపెడతాడు, సముద్రంలో దారి తీసిన సంగతి దాకా వెళ్తాడు. మోషే అహరోనుల ద్వారా ప్రజల్ని మందలా నడిపించావు అంటూ కీర్తన ఆగిపోతుంది. ఆసాపు కష్టం తీరిందో లేదో ఎక్కడా లేదు. అంత బాధలో ఆయన పట్టుకున్నది ఆ జ్ఞాపకాన్నే. డైరీ తయారుచేసినవాళ్లు గడులు తీసేసి ఖాళీ గీతలు వదిలితే చాలు.

పేజీల పైన వేసిన వాక్యాల ఎంపిక కూడా కొంచెం ఒకవైపే ఉంది. అన్నీ రాబోయే ఆశీర్వాదాల వాగ్దానాలే. అరణ్యంలో నడిపించిన మార్గమంతా జ్ఞాపకం చేసుకోమనే ద్వితీయోపదేశకాండము 8:2 లేదు. యెరూషలేము పాడైపోయిన దుఃఖంలో, దేవుని కృపను తలచుకోగానే ఆశ పుట్టిందని చెప్పే విలాపవాక్యములు మూడో అధ్యాయం లేదు. ఇలాంటి పుస్తకంలో మొదట ఉండాల్సినవే ఇవి!

వెనకాల "జ్ఞాపకపు రాళ్లు" అని ఇచ్చిన పేజీలు మాత్రం అద్భుతం. యెహోషువ 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది మధ్యనుంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టారు, పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే చెప్పడానికి. ఆ వరసలోనే ఇక్కడ ఒక్కో మేలును పిల్లలకు అర్థమయ్యేలా నాలుగు లైన్లలో రాయమన్నారు. మా చిన్నది అమ్మమ్మ పేజీ పదే పదే చదివించుకుంటుంది. "అప్పుడు నువ్వు ఏడ్చావా?" అని అడుగుతుంది. ఏడ్చానని చెబుతాను, తర్వాత ఏం జరిగిందో కూడా చెబుతాను. ఈ పేజీలు రెట్టింపు ఉండాల్సింది.

విన్నపాలు, జవాబులు రాసిపెట్టుకోవడం కొత్త పద్ధతేం కాదు. 1836లో బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకు ఇల్లు తెరిచిన జార్జ్ ముల్లర్, అవసరాల కోసం మనుషుల్ని అడగకుండా ప్రార్థిస్తూ, దేవుడు ఎలా తీర్చాడో రాసి ప్రచురించాడు. చదివినవాళ్ల విశ్వాసం బలపడాలన్నదే ఆయన కోరిక.

విషయసూచిక లేదు, పాత పేజీ వెతకడానికి టైమ్ పడుతుంది. నేను మొదటి ఖాళీ పేజీలో సొంతంగా పట్టిక గీసుకున్నాను. రోజూ రాసే అలవాటు లేనివాళ్లకు కూడా ఈ డైరీ తీసుకోమని ధైర్యంగా చెబుతాను. మధ్యలో నెలలు ఖాళీ పోయినా ఇందులో పేజీలు వృథా కావు. ముఖ్యంగా కొత్తగా పెళ్లయిన జంటలకు ఇవ్వండి, ఇద్దరూ ఒకే పుస్తకంలో రాసుకోవడానికి చోటుంది.