క్లస్టరా, సింగిల్ సర్వరా? రెండూ ఏళ్ల తరబడి నడిపాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని చాలాకాలం ఒకే సర్వర్ మీద నడిపాను, తర్వాత పట్రోనీ (ప్రధాన సర్వర్ పోతే ఇంకోదాన్ని ఆటోమేటిక్‌గా నిలబెట్టే టూల్), ఈటీసీడీ (ఎవరు లీడరో మెజారిటీతో తేల్చి గుర్తుంచుకునే చిన్న స్టోర్) పెట్టి మూడు నోడ్ల (సర్వర్ల) క్లస్టర్ మీదా ఏళ్లు నడిపాను. పది పదిహేను నిమిషాలు సర్వీస్ ఆగినా పర్లేదు అనుకునేవాళ్లకి క్లస్టర్ వద్దనే చెప్తాను.

క్లస్టర్ సుఖం నిజమే. అర్ధరాత్రి ప్రైమరీ (డేటా రాతలన్నీ తీసుకునే ప్రధాన సర్వర్) పోయినా మనల్ని లేపకుండానే స్టాండ్‌బై (దాని కాపీ ఉంచుకునే సర్వర్) ఆ పని అందుకుంటుంది. పట్రోనీలో లీడర్ లాక్ (ప్రైమరీ తానేనని ఈటీసీడీలో పెట్టుకుని, మళ్లీ మళ్లీ రెన్యూ చేసుకునే గుర్తు) గడువు డీఫాల్ట్‌గా 30 సెకన్లు, అది తీరాకే కొత్త లీడర్ వస్తుంది, ఈలోపు రైట్స్ (డేటా రాయడం) ఆగిపోతాయి, అప్లికేషన్‌లో రీట్రై సరిగ్గా ఉంటే మాత్రం యూజర్లకి పెద్దగా తెలియదు. ప్యాచింగ్ అయితే పగటిపూటే చేసేసుకోవచ్చు.

కానీ సింగిల్ సర్వర్‌లో అసలు లేని కొత్త జబ్బులు కూడా దీంతోనే వస్తాయి. ఒక రాత్రి బ్యాకప్ జాబ్ డిస్క్‌ని పిండేసింది, అదే డిస్క్ మీద ఉన్న ఈటీసీడీ రైట్స్ నత్తనడక పట్టాయి, లీడర్ లాక్ రెన్యూ కాలేదు, దాంతో నిక్షేపంగా ఉన్న ప్రైమరీ తనంతట తానే దిగిపోయింది. సింగిల్ సర్వర్ అయితే కాసేపు స్లో అయ్యి ఊరుకునేది! ఈటీసీడీకి వేరే డిస్క్ ఇచ్చాకే ఆ గొడవ తగ్గింది.

ఇలా ఆటోమేటిక్‌గా నడిచే క్లస్టర్‌ని రెండు నోడ్లతో సరిపెట్టాలని చూడకండి. మెజారిటీ కావాలంటే రెండూ బతికుండాలి, అంటే ఏ ఒక్కటి పోయినా ఆగిపోవడమే. మూడుంటే ఒకటి పోయినా నడుస్తుంది, నాలుగున్నా అంతే, రెండు పోయినా తట్టుకోవాలంటే ఐదు కావాలి.

ఇంకోటి, చాలామంది క్లస్టర్ ఉందని బ్యాకప్ సంగతి వదిలేస్తారు, అది చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. వేర్ (WHERE) షరతు లేకుండా కొట్టి టేబుల్ మొత్తం ఖాళీ చేసిన డిలీట్ క్షణాల్లో స్టాండ్‌బైలకీ పాకుతుంది, అప్పుడు ఆదుకునేది బేస్ బ్యాకప్ (డేటాబేస్ పూర్తి కాపీ), వాల్ (WAL) ఆర్కైవ్ (ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పు లాగ్) మాత్రమే. పైగా రెప్లికేషన్ అసింక్రనస్ అయితే (అంటే స్టాండ్‌బైకి చేరేదాకా ఆగకుండా ప్రైమరీ కమిట్ చేసేస్తే) ఫెయిలోవర్‌లో, అంటే స్టాండ్‌బై ప్రైమరీ అయ్యేటప్పుడు, చివరి కమిట్లు కొన్ని పోవచ్చు, పట్రోనీ డీఫాల్ట్‌గా 1 ఎంబీ దాకా వెనకబడిన స్టాండ్‌బైని కూడా ప్రైమరీ చేస్తుంది. డేటాబేస్‌లో డబ్బు లెక్కలు ఉంటే సింక్రనస్ పెట్టండి, ప్రతి కమిట్ కొంచెం ఆలస్యమైనా సరే.

చిన్న టీమ్‌కి నేనిచ్చే సెటప్: ఒక ప్రైమరీ, ఒక స్టాండ్‌బై, వాల్ ఆర్కైవ్, ప్రమోట్ (స్టాండ్‌బైని ప్రైమరీ చేయడం) మాత్రం చేత్తోనే. ప్రమోట్ కొట్టేముందు పాత ప్రైమరీ పవర్ ఆఫ్ అయిందో లేదో కచ్చితంగా చూడండి, రెండూ ఒకేసారి రైట్స్ తీసుకుంటే ఆ డేటాని మళ్లీ కలపడం నరకం.