గేటు దగ్గర ఊదే మెషీన్: ఏడాది వాడాక నా మాట

బ్రెత్ అనలైజర్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న కంపెనీల వాళ్ల కోసం రాస్తున్నాను. మా డిపోలో ఏడాదిగా వాడుతున్నాం, పొద్దున షిఫ్ట్ రిజిస్టర్ రాసేది నేనే. మెషీన్ మంచిదే, కొనండి. అయితే దాంతో పాటు వచ్చిన పోస్టర్ల గురించీ, మేం దాన్ని వాడిన తీరు గురించీ చెప్పకుండా స్టార్లు ఇచ్చి ఊరుకుంటే మాత్రం తప్పవుతుంది, అందుకే ఇంత పొడుగు రాశాను.

ముందు మెషీన్ సంగతి. ఇది ఫ్యూయల్ సెల్ రకం. ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే లోపలున్న ప్లాటినం పలక మీద అది ఆక్సీకరణ చెంది కరెంటు పుడుతుంది, ఎంత ఆల్కహాల్ ఉంటే అంత కరెంటు, దాన్నే 100 మిల్లీలీటర్ల రక్తానికి ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్కగట్టి చూపిస్తుంది. అంతకుముందు మేం సెమీకండక్టర్ సెన్సర్ ఉన్నది కొన్నాళ్లు వాడి పక్కన పడేశాం. షుగర్ అదుపులో లేనివాళ్ల ఊపిరిలో అసిటోన్ వస్తుంది కదా, ఆ రకం దాన్ని కూడా ఆల్కహాల్ అనుకోవచ్చు. అంటే చుక్క ముట్టని మనిషి పదిమంది ముందు తాగుబోతు అయిపోతాడు. అందుకే ఇక్కడ మాత్రం తక్కువలో దొరికిందని కక్కుర్తి పడొద్దు. మౌత్‌వాష్ పుక్కిలించి వచ్చినా రీడింగ్ చూపిస్తుంది కాబట్టి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించండి, నోట్లో మిగిలిన ఆల్కహాల్ అయితే ఈలోపు పోతుంది. మౌత్‌పీస్ మనిషికొకటి కొత్తది, క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిగ్గా చూపిస్తోందా అని సరిచూయించడం, తయారీదారు చెప్పిన గడువు దాటనివ్వకూడదు. ఇవి పాటిస్తే ఇబ్బంది పెట్టదు.

నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది, ఇది మొహం చూడదు. అమెరికాలో 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టెయిన్ బ్రెత్ అనలైజర్ తయారుచేశాక ఇలాంటి మెషీన్లు పోలీసుల చేతికి విరివిగా వచ్చాయి, అంతకుముందు ఎక్కువగా వాసన చూసి, కళ్లెర్రగా ఉన్నాయా, గీత మీద సరిగ్గా నడుస్తున్నాడా అని చూసి తేల్చేవారు. అలా చూసేటప్పుడు మాసిన చొక్కా వేసుకున్నవాడి మీద అనుమానం ఒకలా, ఇస్త్రీ చొక్కా మీద ఇంకోలా ఉంటుందని ఎవరూ చెప్పక్కర్లేదు. మెషీన్‌కి ఆ తేడా తెలియదు. తేడా అంతా ఎవరిని లైన్లో నిలబెట్టాలో మనం రాసుకున్న లిస్టులో ఉంటుంది.

మా లిస్టులో డ్రైవర్లు, క్లీనర్లు, లోడింగ్ వాళ్లు, ఆఖరికి ఊడ్చేవాళ్లు కూడా ఉన్నారు. మేనేజర్లు లేరు, సూపర్‌వైజర్లు లేరు, కంపెనీ కార్లు వేసుకుని రోజంతా రోడ్ల మీద తిరిగే సేల్స్ వాళ్లు లేరు, నేనూ లేను. మా అందరికీ కార్ల గేటు వేరే ఉంది, అక్కడ మెషీన్ పెట్టలేదు. ఇదేంటి సార్ అని మీటింగులో అడిగితే "బండి నడిపేవాళ్లని ఊదిస్తున్నామయ్యా, ఇందులో వివక్ష ఎక్కడుంది?" అన్నారు. మాట వరకు సరైనదే. ఉద్యోగంలో వివక్ష గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో తెచ్చిన 111వ ఒప్పందం కూడా, ఆ పనికి తప్పనిసరిగా కావాల్సినదాన్ని బట్టి చూపించే తేడా వివక్ష కాదనే అంటుంది. "మరి ఊడ్చేవాళ్లు ఏ బండి నడుపుతున్నారు సార్?" అన్నాను. జవాబు రాలేదు. స్టీరింగ్ పట్టుకునేది ఎవరో చూసి రాసిన లిస్టు కాదది, యూనిఫాం చూసి రాసింది.

మెషీన్‌తో పాటు అవగాహన కిట్ అని ఆరు పోస్టర్లు ఇచ్చారు. ఆరింటిలోనూ తాగి నడిపేది లారీ డ్రైవరే, ఒళ్లో సీసా, పక్కన ఏడుస్తున్న భార్యాపిల్లలు. కోటు వేసుకుని కారు తాళాలు తిప్పుకుంటూ పార్టీ నుంచి బయటకొచ్చే మనిషి ఒక్క పోస్టర్లో కూడా లేడు. ఇది చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబర్‌లో రాండమ్ టెస్టింగ్ మొదలుపెట్టినప్పుడు దాని బలమంతా ఒక్కచోటే ఉంది: అనుమానం ఉండాల్సిన పని లేదు, ఆ రోడ్డున వచ్చిన ఎవరినైనా ఆపి ఊదించవచ్చు. నన్నెవరు ఆపుతారులే అన్న ధీమా పోయింది, రోడ్డు మీద చావులు తగ్గాయి. మా పోస్టర్లు సరిగ్గా ఆ ధీమానే పెంచుతున్నాయి, ఇది వాళ్ల సమస్య, మనది కాదు అని. కిట్‌కి ఒక్క స్టార్ కూడా ఇవ్వను.

ఆస్తమా ఉన్న డ్రైవర్ అన్న ఒకాయన ఉన్నారు మా దగ్గర, మందు అలవాటు లేదు. లోతు ఊపిరి అందితేనే కొలత సరిగ్గా వస్తుంది కాబట్టి మెషీన్‌లోకి కొన్ని సెకన్ల పాటు ఆపకుండా ఊదాలి. చలి రోజున ఆయన మూడుసార్లు ఊదారు, మూడుసార్లూ ఊపిరి సరిపోలేదని ఎర్రర్. సెక్యూరిటీ అతను రిజిస్టర్లో "ఊదడానికి నిరాకరించాడు" అని రాశాడు. నేను వచ్చేసరికి ఆయన గేటు పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఇన్‌హేలర్, వెళ్లేవాళ్లంతా ఆయన్నే చూస్తూ వెళ్తున్నారు. ఆ రోజు జీతం కట్ అయింది. ఆ లైను కొట్టించి, జీతం వెనక్కి వేయించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మీరు కొంటే మొదటి రోజే రాసి పెట్టుకోండి, ఊదలేకపోవడం వేరు, ఊదననడం వేరు. ఊదలేనివాళ్లకి రక్తపరీక్ష దారి ఉండాలి.

మానేసినవాళ్ల సంగతి ఇంకోటి. వైద్యం చేయించుకుని మందు మానేసిన ఒకతను, తనంతట తానే ఆఫీసులో ఆ మాట చెప్పినందుకు, రోజూ సున్నా వస్తున్నా అతన్ని మళ్లీ బండి ఎక్కనివ్వలేదు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం మద్యపాన వ్యసనాన్ని కూడా వైకల్యంగా చూడొచ్చంటుంది, అదే సమయంలో తాగి పనికొస్తే అందరికీ పెట్టిన నియమమే అతనికీ పెట్టవచ్చంటుంది. నాకు ఇది న్యాయంగా కనిపిస్తుంది. ఇవాళ్టి రీడింగ్ చూడండి, పాత ఫైలు కాదు.

ఇక నా సంగతి. ఒక రాత్రి పార్టీలో పన్నెండింటికి ఆపేశాను. ఇంటికి క్యాబ్‌లో వెళ్లాను, పడుకున్నాను, లేచి స్నానం చేసి కాఫీ తాగి, ఒంట్లో ఏమీ తేడా లేదనుకుని నా బండి నేనే నడుపుకుంటూ డిపోకి వచ్చాను. ఏడింటికి రిజిస్టర్ తెరుస్తూ, ఎందుకో మెషీన్ తీసుకుని ఊదాను. 14 వచ్చింది. శరీరం 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి సుమారు 15 మిల్లీగ్రాములే వదిలించుకోగలదు, కాఫీకీ స్నానానికీ అది వేగం పెంచదు, ఇదంతా డ్రైవర్లకి నేనే చెప్పిన పాఠం. మా రూలు ప్రకారం డ్రైవర్‌కి సున్నా కంటే ఎక్కువ వస్తే ఇంటికి పంపేస్తాం. అదే టేబుల్ మీద అంతకు నెల ముందు 12 వచ్చిన కుర్రాడి పేరు నా చేత్తో రాశాను. ఆ పొద్దున నా పేరు మాత్రం ఎవరూ రాయలేదు. నేనే రాశాను, టైమూ రీడింగూ వేసి సంతకం పెట్టి, సెలవు పెట్టి క్యాబ్‌లో ఇంటికెళ్లాను. మర్నాడు మేనేజర్ పిలిచి ఆ పేజీ ఎందుకు పాడుచేశావన్నారు. గంట మాట్లాడుకున్నాం, గొంతులు కూడా లేచాయి.

మెషీన్‌కి అయిదుకి నాలుగు, బ్యాటరీ చలిలో తొందరగా దిగిపోతోంది కాబట్టి ఒకటి కోత. రెండోది ఆర్డర్ పెట్టాం, వచ్చే వారం కార్ల గేటు దగ్గర పెడతారు, కొత్త లిస్టులో స్టీరింగ్ పట్టే ప్రతి ఒక్కరూ ఉన్నారు, పైనుంచి మొదటి పేరు మేనేజర్‌ది. ఊడ్చేవాళ్ల పేర్లు తీసేశారు. మూడు నెలలు గడిచాక ఆ గేటు సంగతి కూడా ఈ రివ్యూకి కలిపి రాస్తాను.