ఆహార సరుకుల జాడ పట్టే సాఫ్ట్‌వేర్: పదకొండు నెలల వాడకం తర్వాత

సుస్థిర ఆహార వాణిజ్యానికి డిజిటల్ ఆవిష్కరణలు ఎంతవరకు తోడ్పడతాయన్నది నా పీహెచ్‌డీ అంశం. అందులో భాగంగా, పొలంలో కోత మొదలుకొని గిడ్డంగి, ప్రాసెసింగ్ కేంద్రం, ఓడరేవుల మీదుగా దుకాణం చేరేదాకా ఒక సరుకు సాగించే ప్రయాణాన్ని నమోదు చేసే ట్రేసబిలిటీ సేవ ఒకదాన్ని పదకొండు నెలలపాటు వాడాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవను వ్యాపారానికి కొనేవారూ పరిశోధనకు ఎంచుకొనేవారూ సంతకం పెట్టేముందు ఏయే సంగతులు పరీక్షించుకోవాలో చెప్పడానికే ఈ సమీక్ష.

ఈ రంగంలోకి అడుగుపెట్టినవారికి మొదట వినిపించే కథ వాల్‌మార్ట్ మామిడి ముక్కలది. దుకాణంలోని ఒక ప్యాకెట్ ఏ తోట నుంచి వచ్చిందో పాత పద్ధతిలో కనుక్కోవడానికి 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టగా, ఐబీఎంతో కలిసి చేసిన బ్లాక్‌చెయిన్ (ఒకసారి రాసినదాన్ని తర్వాత దిద్దలేని విధంగా పలు కంప్యూటర్లలో ఉంచే ఉమ్మడి పద్దు) ప్రయోగంలో అదే పని 2.2 సెకన్లలో తేలిపోయింది. అయితే ఆ 2.2 సెకన్లూ అప్పటికే నమోదై ఉన్న సమాచారాన్ని వెతికి తీయడానికి పట్టినవి. ఆ సమాచారాన్ని తోట దగ్గర, గిడ్డంగి దగ్గర పోగుచేయడానికి పట్టిన శ్రమ ఆ లెక్కలోకి రాదు. నేను వాడిన సేవ తన ప్రచార పత్రంలో ‘క్షణాల్లో జాడ’ అని చెప్పుకొంటుంది. వెతికే వేగం వరకు ఆ మాట నిలబెట్టుకొంది కూడా.

మెచ్చుకోదగినవి ముందు చెబుతాను. ఈ సేవ, బార్‌కోడ్ ప్రమాణాలను నిర్దేశించే జీఎస్1 సంస్థ రూపొందించిన ఈపీసీఐఎస్ ప్రమాణం మీద నడుస్తుంది. కోత, మూట కట్టడం, లారీకి ఎక్కించడం వంటి ప్రతి ఘటననూ ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబుగా ఆ ప్రమాణం నమోదు చేస్తుంది. 2022లో వచ్చిన 2.0 రూపంలో వీటికి ‘ఎలా’ అన్నది కూడా తోడై, సెన్సర్లు చెప్పే ఉష్ణోగ్రత, తేమ వంటి వివరాలను అక్కడే రాసుకొనే వీలు కలిగింది. లేబుల్‌ను స్కాన్ చేయగానే లాట్ (ఒకే విడతగా లెక్కించే సరుకు) సంఖ్య, వస్తువును గుర్తించే 14 అంకెల జీటిన్, స్థలాన్ని గుర్తించే 13 అంకెల జీఎల్ఎన్ వాటంతట అవే నిండిపోతాయి. ఐరోపా సమాఖ్య 178/2002 నిబంధనలోని 18వ అధికరణం 2005 నుంచి ఆహార వ్యాపారులను అడుగుతున్నది సరుకు ఎవరి దగ్గర కొన్నారు, ఎవరికి అమ్మారు అని. అలా ఒక మెట్టు వెనక్కి, ఒక మెట్టు ముందుకు చూపడానికి ఈ సేవ పూర్తిగా సరిపోతుంది. తెరమీది మీటలను చేతి తొడుగులు వేసుకొన్నవారు కూడా నొక్కగలిగేంత పెద్దవిగా పెట్టారు. శీతల గిడ్డంగిలో పది నిమిషాలు నిలబడితే ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది.

చిక్కు సిగ్నల్ లేనిచోట మొదలైంది. ఈపీసీఐఎస్‌లో ఘటన జరిగిన సమయం వేరు, అది సర్వర్‌కు చేరి నమోదైన సమయం వేరు. పొలాల దగ్గర నెట్‌వర్క్ అందకపోతే వివరాలను ఫోన్‌లోనే రాసుకొని తర్వాత పంపే సౌకర్యం ఈ సేవలో ఉంది. ఒకనాటి కోతలో మొదటి బుట్టను ఉదయం 6:40కి తూచాం. నా నోట్‌బుక్‌లో అదే రాసి ఉంది. సాయంత్రం ఫోన్ ఆ వివరాలను పంపాక కంప్యూటర్‌లో చూస్తే, ఆ రోజు తూచిన 31 బుట్టలూ రాత్రి 8:12కి, ఒకే నిమిషంలో కోసినట్లు కనిపించాయి. తూకం, లాట్, స్థలం అన్నీ సరిగ్గానే ఉన్నాయి గాని, జరిగిన సమయం చెరిగిపోయి దాని స్థానంలో పంపిన సమయం వచ్చి కూర్చొంది. త్వరగా పాడయ్యే సరుకు విషయంలో కోతకూ శీతల గదికీ మధ్య గడిచే గంటలే కీలకం. కోత తర్వాత చిల్లర దుకాణం చేరేలోపు ప్రపంచ ఆహారంలో సుమారు 13 శాతం నష్టమవుతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) అంచనా. ఆ నష్టం ఏ దశలో జరుగుతోందో చూపవలసిన పరికరమే ఆ గంటలను మింగేస్తే ఇక దానితో పనేముంది? ఫిర్యాదు చేస్తే మొదట అది విధానమే గాని లోపం కాదన్నారు. మూడు వారాల తర్వాత, అసలు సమయాన్ని నిలిపి ఉంచే సెట్టింగ్ ఒకటి ఉందనీ, దాన్ని మేమే ఆన్ చేసుకోవాలనీ తెలిపారు. అప్పటికే పోయిన సమయాలను నా నోట్‌బుక్ చూసి తిరిగి నింపుకోవలసి వచ్చింది.

అంతకంటె నన్ను కలవరపెట్టినది సరుకును కలిపే దశ. కొన్ని లాట్లను కలిపి కొత్త లాట్‌గా మార్చినప్పుడు ఏ లాట్ నుంచి ఎంత వెళ్లింది, చివరికి ఎంత వచ్చింది అన్నది నమోదు చేయాలి. పరీక్ష ఖాతాలో నేను కావాలనే ఒక కాకిలెక్క వేశాను. మూడు లాట్లు కలిపి లోపలికి 1,000 కిలోలు, బయటికి 1,180 కిలోలు అని రాసి, ప్రక్రియ దగ్గర ‘ఎండబెట్టడం’ ఎంచుకొన్నాను. ఎండితే ఏ సరుకైనా బరువు తగ్గవలసిందే. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్క హెచ్చరికైనా లేకుండా ఆకుపచ్చ టిక్కు పెట్టి, క్యూఆర్ కోడ్ చేతికిచ్చింది. ఆ కోడ్‌ను స్కాన్ చేస్తే మూడు పొలాల ఫొటోలు, సుస్థిర సాగు ధ్రువపత్రం గుర్తు వరుసగా కనిపించాయి. లేని చోట నుంచి పుట్టుకొచ్చిన 180 కిలోలకు కూడా అవే పొలాలు, అదే గుర్తు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడానికి ఇంతకంటె అనువైన యంత్రం ఉండదేమో. నమోదైన వివరాన్ని తర్వాత ఎవరూ దిద్దకుండా బ్లాక్‌చెయిన్ కాపాడుతుందన్నది నిజమే, కాని మొదట రాసినదే తప్పయితే ఆ తప్పును కూడా అంతే భద్రంగా కాపాడుతుంది.

దీనికి దగ్గరి సంబంధమున్న మరో లోటు ఉంది. ధ్రువీకరించిన సరుకును సరఫరా గొలుసు పొడవునా ఎలా నడిపించవచ్చో ఐఎస్ఓ 22095 ప్రమాణం (2020) పలు పద్ధతులుగా విడదీసి చెబుతుంది. ఒక పద్ధతిలో ధ్రువీకరించిన సరుకును మామూలు సరుకుతో కలవనివ్వరు. ‘మాస్ బ్యాలెన్స్’ పద్ధతిలో రెండూ కలిసిపోవచ్చు గాని, ధ్రువీకరించి కొన్న పరిమాణానికి మించి ఆ పేరుతో అమ్మకూడదు. రెండూ సక్రమమైన పద్ధతులే, కాని కొనేవారికి అవి చెప్పే అర్థం ఒకటి కాదు. ఈ సేవలో మాత్రం ‘ధ్రువీకరించినది: అవును / కాదు’ అన్న ఒకే ఒక గడి ఉంది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా ఈ తేడా చుట్టూ తిరుగుతుంది కనుక ఈ గడి మీద నా కోపం కాస్త ఎక్కువేనని ఒప్పుకొంటాను.

స్థలం వివరాల్లో పొరపాటు చిన్నదే అయినా పని ఆగిపోయింది. అడవులను నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, సోయా వంటివాటిని అడ్డుకొనే ఐరోపా నిబంధన 2023/1115, పొలం అక్షాంశ రేఖాంశాలను కనీసం ఆరు దశాంశ స్థానాలతో అడుగుతుంది. పశువులు మినహా మిగతా సరుకులకు 4 హెక్టార్లు దాటిన పొలమైతే చుట్టూ సరిహద్దు కూడా గీయాలి. దాని అమలు తేదీ ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది గాని, అడిగే సమాచారం రూపం తెలిసినదే. ఈ సేవ ఫోన్ నుంచి ఆరు స్థానాలూ తీసుకొంటుంది, ఫైల్‌గా ఎగుమతి చేసేటప్పుడు నాలుగుకు కుదించేస్తుంది. ఆరో స్థానం సుమారు 11 సెంటీమీటర్ల తేడా చూపితే, నాలుగో స్థానం చూపేది 11 మీటర్ల తేడా. ఫోన్ జీపీఎస్ ఎలాగూ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది కదా అని సహాయ విభాగంవారు వాదించారు. అందులో నిజం ఉంది. అయినా ఆరు స్థానాలు అడిగే ఫారం నాలుగింటిని ఒప్పుకోదు.

సమాచారాన్ని బయటికి తీసుకోవడం మొత్తం మీద సులువే. ఘటనలన్నీ కంప్యూటర్లు నేరుగా చదవగల జేసన్ రూపంలో వస్తాయి, ధ్రువపత్రాలు మాత్రం స్కాన్ చేసిన బొమ్మలుగానే వస్తాయి. ప్రతి నెలా పూర్తి నకలు దించుకోవడం నేను మొదటి రోజు నుంచీ పెట్టుకొన్న అలవాటు. నౌకా రవాణా సంస్థ మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ప్రకటించిన, ఓడ సరుకుల సమాచారం పంచుకొనే ట్రేడ్‌లెన్స్ అంతటి వేదికనే మూసివేస్తున్నట్లు 2022 నవంబరులో ప్రకటించారు. ఒక పీహెచ్‌డీకి అంతకంటె ఎక్కువ కాలమే పట్టవచ్చు.

తనిఖీ వచ్చినప్పుడో, కలుషితమైన లాట్‌ను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించవలసినప్పుడో కాగితాల కట్టలు తిరగేయకుండా బయటపడాలనుకొనే ఎగుమతిదారుకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. ప్యాకెట్ మీద సుస్థిరత గుర్తు వేసుకోవడానికి దీన్నే ఆధారంగా చూపదలచినవారు ముందుగా పరీక్ష ఖాతా అడిగి తీసుకొని, 1,000 కిలోలు పెట్టి 1,180 కిలోలు తీసి చూడాలి. బరువుల పొంతన చూసే ఏర్పాటు తదుపరి వెర్షన్‌లో వస్తుందని గత నెల నాకు ఉత్తరం రాశారు. నా పరీక్ష లాట్ క్యూఆర్ కోడ్ ఈ ఉదయం స్కాన్ చేస్తే ఇంకా ఆకుపచ్చ టిక్కుతోనే తెరుచుకొంది.